ట్వెల్వ్-కార్ ర్యాలీకి తొలి సామాను: మ్యాపు, రోమర్, పాటీ, పెన్సిలు

బ్రిటన్ పల్లె రోడ్ల మీద రాత్రిపూట జరిగే నావిగేషనల్ ర్యాలీకి కావాల్సిన కారు చాలామంది ఇంటి ముందు ఇప్పటికే ఉంది. ఎంఓటీ (బ్రిటన్‌లో ఏటా చేయించే వాహన తనిఖీ) ఉన్న మైక్రా అయినా, పాత ఫియెస్టా అయినా సరిపోతుంది. ఇక్కడ గెలిపించేది ఇంజను కాదు, ఎడమ సీట్లో మ్యాపు పట్టుకుని కూర్చున్న మనిషి. అందుకే కారు సంగతి చివర్న నాలుగు ముక్కల్లో తేల్చేసి, ఈ రివ్యూలో నావిగేటర్ ఒళ్లోకి చేరే సామాను గురించే గట్టిగా మాట్లాడుకుందాం. చేతిలో ఉన్న డబ్బు ముందు అక్కడే పెట్టాలన్నది మా స్థిరమైన అభిప్రాయం.

సామాను కంటే ముందు, దాన్ని ఎక్కడ వాడబోతున్నారో తెలియాలి. కొత్తవాళ్లకు సరైనది ట్వెల్వ్-కార్ ర్యాలీ. పేరులో ఉన్నట్టే 12 కార్లకు మించవు. ఆ సంఖ్య ఊరికే పెట్టుకున్నది కాదు. 1969 నాటి మోటార్ వెహికల్స్ కాంపిటీషన్స్ అండ్ ట్రయల్స్ నిబంధనల్లో 12 వాహనాలకు మించని ఈవెంట్లకు రూటు అనుమతి విషయంలో సడలింపు ఉంది. అందువల్లే చిన్న క్లబ్బులు కూడా వారం మధ్యలో ఒక సాయంత్రం, తక్కువ ఎంట్రీ ఫీజుతో దీన్ని నడపగలుగుతున్నాయి. సగటు వేగం గంటకు 30 మైళ్లు దాటేలా టైం పెట్టకూడదు. అంటే రెండు నిమిషాలకు ఒక మైలు, పది మైళ్ల సెక్షన్‌కు కనీసం 20 నిమిషాలు. వినడానికి తేలిగ్గానే ఉంటుంది. కానీ నిర్వాహకులు ఇచ్చే క్లూలు విప్పుతూ దారి ఏదో మీరే కనిపెట్టుకుంటూ పోవాలి. ఒక్క జంక్షన్ దగ్గర తప్పితే నాలుగు నిమిషాలు పోతాయి. పోయిన నిమిషాలను ఆక్సిలరేటర్ తొక్కి తెచ్చుకోవడం కుదరదు, తెచ్చుకోవాలని చూడకూడదు కూడా. అది పబ్లిక్ రోడ్డు. ఎదురుగా వచ్చేవాళ్లకు అక్కడ ర్యాలీ జరుగుతోందని తెలియదు.

కాగితాలు రెండే. బ్రిటన్ మోటార్ పోటీలను నడిపించే సంస్థ మోటార్‌స్పోర్ట్ యూకే వాళ్ల ఆర్ఎస్ క్లబ్‌మన్ లైసెన్సుకు ఆన్‌లైన్లో దరఖాస్తు చేసుకోవచ్చు, ఫీజు లేదు. డ్రైవరుకూ నావిగేటర్‌కూ విడివిడిగా తీసుకోవాలి. రెండోది ఇన్సూరెన్సు. మామూలు కారు పాలసీల్లో ర్యాలీలకు కవర్ లేదని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. మీ కంపెనీకి ఫోన్ చేసి, ‘గంటకు 30 మైళ్ల సగటు దాటని నావిగేషనల్ ఈవెంట్’ అని ఇవే మాటల్లో అడిగి, జవాబు ఈమెయిల్లో తెప్పించుకోండి. ఉత్త ‘ర్యాలీ’ అంటే స్టేజ్ రేసింగ్ (మూసేసిన దారిలో వేగపు పోటీ) అనుకుని కాదంటారు. క్లబ్బు ద్వారా థర్డ్ పార్టీ కవర్ దొరికితే మంచిదే. అయితే రోడ్డు పక్క హెడ్జ్‌లోకి (పొదల కంచెలోకి) దూరిన మీ సొంత కారు బాగుచేయించడానికి అది పనికిరాదన్న సంగతి ఎంట్రీ ఫారం మీద సంతకం పెట్టకముందే తెలిసి ఉండాలి.

ఇక మ్యాపు. బ్రిటన్ రోడ్ ర్యాలీలన్నీ దాదాపు బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వారి ల్యాండ్‌రేంజర్ మ్యాపుల మీదే నడుస్తాయి. స్కేలు 1:50,000. గ్రేట్ బ్రిటన్ మొత్తానికి 204 షీట్లు, ఒక్కో షీటు 40 కిలోమీటర్లకు 40 కిలోమీటర్లు చూపిస్తుంది. మీ క్లబ్బు చుట్టుపక్కల ఈవెంట్లకు ఒకటి, మహా అయితే రెండు షీట్లు చాలు. అట్ట గులాబీ రంగులో ఉండేది కొనండి. నారింజ రంగు అట్ట ఎక్స్‌ప్లోరర్ మ్యాపుది. అది 1:25,000 స్కేలు, నడకవాళ్ల కోసం. దానిలో చిల్లర వివరాలు ఎక్కువ, అంతే ప్రాంతానికి నాలుగింతల కాగితం. ఈ రెంటినీ తారుమారు చేసుకుని స్టార్టుకు వచ్చేవాళ్లు ఉంటారు. ఇంకో తప్పు, ఎక్కువ డబ్బు పెట్టి ల్యాండ్‌రేంజర్ యాక్టివ్ కొనడం. ప్లాస్టిక్ పూత వల్ల వానకు తడవదు, కొండలెక్కేవాళ్లకు అది మంచి సరుకే. ర్యాలీకి మాత్రం వద్దు. ఆ పూత మీద పెన్సిలు గీత నిలవదు, పాటీ (మ్యాపు మీద పెట్టి చూసే లైటు భూతద్దం) వెలుగుకు మెరుస్తుంది. చవకగా దొరికే కాగితం మ్యాపే ఇక్కడ మేలు.

కొనేముందు ఈవెంట్ రెగ్యులేషన్స్‌లో షీటు నంబరుతో పాటు ఎడిషన్ ఏదని రాశారో చూడండి. ఎడిషన్ మారితే ఒక రోడ్డు రంగు మారవచ్చు, ఒక స్పాట్ హైట్ (ఒక చోటు ఎత్తును చెప్పే అంకె) ఎగిరిపోవచ్చు. ఆ రాత్రి క్లూ సరిగ్గా ఆ స్పాట్ హైటే అయితే మీ మ్యాపులో దారి ఉండదు. మ్యాపు చేతికొచ్చాక అట్ట ఊడదీసేయండి. అది ఉంటే మడత సరిగ్గా కూర్చోదు. కంపెనీ మడతలు పాకెట్లో పెట్టుకోవడానికి ఏర్పాటు చేసినవి. మీకు కావాల్సిన ప్రాంతం ఒకే ముఖంగా పైకి వచ్చేలా కొత్తగా మడుచుకోండి. జంక్షన్ల గుంపు మీదుగా మడత పడకుండా చూసుకోవాలి, ఎందుకంటే నాలుగు ఈవెంట్లకే మడత దగ్గర రంగు లేచిపోయి తెల్లగా అవుతుంది.

రోడ్ల రంగులు నిద్రలో అడిగినా చెప్పగలగాలి. ఎ రోడ్లు ఎరుపు (ప్రైమరీ రూట్లయితే ఆకుపచ్చ), బి రోడ్లు నారింజ, చిన్న రోడ్లు పసుపు. రంగు వేయకుండా రెండు గీతల మధ్య తెల్లగా వదిలేసినవాటిని ‘వైట్స్’ అంటారు. అవి తారు రోడ్డు కావచ్చు, రైతు ఇంటి వాకిలి కావచ్చు, బురద దారి కావచ్చు, మ్యాపు చెప్పదు. అనుభవజ్ఞులు ఏ వైట్ మీద బండి పోతుందో ఏళ్ల తరబడి తమ మ్యాపులో గుర్తులు పెట్టుకుంటారు. పోయేవాటిని ‘గోయర్స్’ అంటారు. కొత్తవాళ్లు క్లూ స్పష్టంగా చెబితే తప్ప వైట్ జోలికి పోకూడదు.

రోమర్ అరచేతిలో ఇమిడే పారదర్శక ప్లాస్టిక్ ముక్క. ఇంత చవకైన వస్తువు మీద ఇంత ఆధారపడే ఆట ఇంకొకటి ఉండదేమో. 1:50,000 మీద ఒక గ్రిడ్ గడి 2 సెంటీమీటర్లు, నేల మీద 1 కిలోమీటరు. గడిని పదిగా కోస్తే ఒక్కో భాగం 2 మిల్లీమీటర్లు, అంటే 100 మీటర్లు. ఇప్పుడు 436 718 అన్న రిఫరెన్సు ఇచ్చారనుకోండి. ముందు అడ్డంగా పోవాలి, తర్వాతే పైకి. 43 నిలువు గీత పట్టుకుని కుడివైపు 6 భాగాలు, అంటే 12 మిల్లీమీటర్లు. 71 అడ్డ గీత పట్టుకుని పైకి 8 భాగాలు, అంటే 16 మిల్లీమీటర్లు. ఆ రెండూ కలిసిన చోట పెన్సిలుతో చిన్న సున్న. 436½ అని ఇస్తే 12 బదులు 13 మిల్లీమీటర్లు. పక్కపక్కన రెండు జంక్షన్లు ఉన్నప్పుడే ఆ అర భాగం ఇస్తారు, కాబట్టి దాన్ని వదిలేస్తే తప్పు జంక్షన్‌కు పోతారు. అడ్డం, నిలువు తారుమారు చేయడమే కొత్తవాళ్లందరూ చేసే తప్పు. పాయింటు రోడ్డు మీద కాకుండా చెరువులోనో, పొలం మధ్యలోనో పడితే ముందు అనుమానించాల్సింది అదే.

రోమర్ కొనేటప్పుడు మూడు చూడండి. గీతలు అడుగు ముఖం మీద అచ్చయి ఉండాలి. పైన ఉంటే ప్లాస్టిక్ మందం వల్ల పక్కనుంచి చూసినప్పుడు మిల్లీమీటరు తేడా వస్తుంది. స్కేలు మూల దగ్గరే, పదునైన కోణంతో మొదలవ్వాలి. అంచున ఖాళీ వదిలి మొదలయ్యేవి రాత్రిపూట చికాకు. ఒకే ముక్క మీద ఐదారు స్కేళ్లు ఉన్న కంపాస్ రకాలు వద్దు, తొందరలో 1:25,000 వైపు తిప్పి కొలిచేస్తారు. రెండు కొని, ఒకదానికి కన్నం చేసి దారంతో మ్యాపు బోర్డుకు కట్టండి. కట్టనిది సీటు కిందకు జారి, అవసరమైన క్షణంలో దొరకదు.

పెన్సిలు 2బి. మెకానికల్ అయితే 0.7 లేదా 0.9, 0.5 గుంతల్లో పుటుక్కున విరుగుతుంది. హెచ్‌బీ, హెచ్ రకాలు కాగితాన్ని గీరుతాయి. గీత చెరిపినా గాడి మిగిలి, తర్వాతి ఈవెంట్లో దాన్నే రోడ్డు అనుకుంటారు. గీత రోడ్డు మీద కాకుండా పక్కన గీయాలి, లేకపోతే జంక్షనూ స్పాట్ హైటూ దాని కింద కప్పబడిపోతాయి. మ్యాపు మీద బాల్ పెన్ను పెట్టనే కూడదు. టైం కార్డుకు మాత్రం పెన్నే కావాలి. దారి పక్కన కోడ్ బోర్డుల మీద ఉన్న అక్షరాలను వరుస తప్పకుండా ఇంకుతో కార్డులో రాయాలి. పెన్సిలుతో రాసినవి, కొట్టేసి దిద్దినవి చాలాచోట్ల చెల్లవు. బోర్డు కొనక్కర్లేదు. 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్, 45 సెంటీమీటర్లకు 40, అంచులు గరుకు కాగితంతో రుద్ది, నాలుగు క్లిప్పులు పెట్టండి.

ఇప్పుడు ఖరీదైన వస్తువు, పాటీ. లోపల లైటున్న భూతద్దం ఇది. బోర్లించిన కప్పులా మ్యాపు మీద కూర్చుంటుంది, పైనుంచి కన్ను పెట్టి చూడాలి. సాకెట్ నుంచి 12 వోల్టుల కరెంటు, చాలావాటికి వెలుగు తగ్గించే నాబ్. మొదటి ట్వెల్వ్-కార్‌కు ఇది లేకుండా, తలకు కట్టుకునే టార్చితో వెళ్లవచ్చు. కానీ రెండో ఈవెంట్‌కు ఈ సామాన్లో డబ్బు పెట్టాల్సింది దీనికే. టార్చి వెలుగు విండ్‌స్క్రీన్ మీద పడి డ్రైవరుకు చీకట్లో బయట రోడ్డు కనిపించకుండా చేస్తుంది. పాటీ వెలుగు కప్పు దాటి బయటికి రాదు. అంతకంటే ముఖ్యం, పసుపు రోడ్డు పక్కన చిన్న వైట్ ఎక్కడ కలిసిందో, స్పాట్ హైట్ 87నా 81నా అన్నది కుదుపుల్లో కూడా తేలుతుంది.

వెలుగు రంగు మీద రాజీ పడొద్దు. పాత ఫిలమెంట్ బల్బు రకాల వెలుగు పసుపుగా ఉంటుంది. దాని కింద పసుపు రోడ్డు, తెల్ల రోడ్డు దాదాపు ఒకేలా కనిపిస్తాయి. పైగా గంటసేపు వెలిగితే కప్పు వేడెక్కుతుంది. రాత్రి చూపు పాడవదని ఎర్ర లైటు పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. మ్యాపుకు అది ఇంకా చేటు. ల్యాండ్‌రేంజర్‌లో ఎత్తును చూపే కాంటూర్ గీతలు నారింజ, గోధుమ రంగులో ఉంటాయి, ఎర్ర వెలుగులో అవి కాగితంలో కలిసిపోతాయి. ఎ రోడ్ల ఎరుపూ వెలిసినట్టు అవుతుంది. తెల్ల ఎల్ఈడీ, పూర్తిగా తగ్గించగల డిమ్మరు ఉన్నదే కొనండి.

పాటీ ఎక్కువగా చెడేది లైటు దగ్గర కాదు, ప్లగ్గు దగ్గర. సాకెట్లో వదులుగా కూర్చున్న ప్లగ్గు గతుకులకు కదిలి, లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. ఈ ఆటలో ఒక ఏడాది ఉండబోతున్నారంటే 3 ఆంప్ ఫ్యూజుతో విడిగా వైరు లాగించుకోవడం మేలు. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు అద్దాన్ని ఏటవాలుగా వెలుతురుకు పట్టి గీతలున్నాయేమో చూడండి. డిమ్మరును కింది నుంచి పైదాకా మెల్లగా తిప్పండి, మధ్యలో మిణుకుమంటే లోపల అరిగిపోయినట్టే. వైరు కప్పులోకి దూరే చోట వేలితో అటూఇటూ వంచి చూడండి. అడుగు అంచు నున్నగా ఉండాలి, గరుకుగా ఉంటే మ్యాపు మడతల్లో తట్టుకుంటుంది.

ఈ సామానంతా దేనికో తెలియాలంటే క్లూలు ఎలా ఉంటాయో చూడాలి. కొన్ని ఈవెంట్లలో అన్నీ స్టార్టులోనే ఇస్తారు, బల్ల దగ్గర కూర్చుని ప్లాట్ చేసుకుని (దారిని మ్యాపు మీద గీసుకుని) బయల్దేరవచ్చు. మొదటిసారికి అలాంటిదే వెతుక్కోండి. ‘ప్లాట్ అండ్ బాష్’ అన్నచోట కంట్రోలు కంట్రోలుకూ (దారిలో మీ టైం నమోదు చేసే చోట్లు) కొత్త కాగితం చేతిలో పెడతారు, కదులుతున్న కార్లోనే తేల్చుకోవాలి. ట్యులిప్ బొమ్మల్లో జంక్షన్ ఆకారం ఉంటుంది. గుండ్రటి చుక్క మీరు వచ్చే వైపు, బాణం మీరు పోయే వైపు. నెదర్లాండ్స్‌లో 1949లో మొదలైన ట్యులిప్ ర్యాలీ నుంచి వచ్చిన పేరది. బొమ్మలో పైవైపు ఉత్తరం కానక్కర్లేదు.

కొత్తవాళ్లను ఎక్కువ తిప్పలు పెట్టేది హెరింగ్‌బోన్, చేప ముల్లు లాంటి బొమ్మ. మీ దారినంతా ఒకే నిటారు గీతగా చాచేస్తారు. దానికి అటూఇటూ అతికిన పుల్లలు మీరు వదిలేసే రోడ్లు. టీ జంక్షన్‌లో ఎడమకు తిరిగితే వదిలేసిన రోడ్డు మీ కుడిచేతి వైపు ఉంటుంది, కాబట్టి కుడివైపు ఒక పుల్ల. నాలుగు రోడ్ల కూడలిలో ఎడమకు తిరిగితే ఎదురు రోడ్డు, కుడి రోడ్డు రెండూ మీ కుడికే మిగులుతాయి, కాబట్టి ఒకే చోట నుంచి కుడివైపు రెండు పుల్లలు. అదే కూడలిలో నేరుగా పోతే అటొకటి, ఇటొకటి. ఈ మూడూ అర్థమైతే మిగతాది అభ్యాసం. ఆచరణలో దారి తప్పేది లెక్క దగ్గర. పుల్లల్లో వైట్స్ కలుపుకోవాలా వద్దా అన్నది కాగితం మీద ఎక్కడో రాసి ఉంటుంది, అది చదవకుండా లెక్కపెట్టడం మొదలుపెడితే రెండో జంక్షన్‌కే లెక్క తప్పుతుంది. కాగితం అందగానే మొత్తం ప్లాట్ చేయాలని కూర్చోకండి. మొదటి మూడు పుల్లలు తేల్చి ‘ముందుకు పో, అర మైల్లో టీ, లెఫ్ట్’ అని చెప్పి, మిగతాది కదులుతూ తేల్చండి. మ్యాపు మీద ఒక మైలు 3.2 సెంటీమీటర్లు, ఇది బోర్డు అంచున గీతలుగా గీసి పెట్టుకోండి.

ఏ క్లూ కంటే ముందైనా రెగ్యులేషన్స్‌లో ఇచ్చిన అవుట్ ఆఫ్ బౌండ్స్ రోడ్లు, బ్లాక్ స్పాట్లు మ్యాపు మీద గుర్తు పెట్టండి. రాత్రి చప్పుడు వద్దన్న ఇళ్లు, జబ్బు మనుషులున్న ఇళ్లు, గుర్రాలున్న చోట్లు అవి. నిర్వాహకులు ఇంటింటికీ తిరిగి మాట్లాడి తెచ్చుకున్న ఒప్పందం ఒక్క కారు మూలంగా చెడితే ఆ ఊరి రోడ్డు అందరికీ పోతుంది.

టైం లెక్క కూడా సామాను కిందికే వస్తుంది. సెకన్లు చూపే డిజిటల్ వాచీ ఏదైనా చాలు, స్టార్టులో అధికారిక గడియారంతో కలపండి. కంట్రోల్ టైం జీరో కారుకు ఇస్తారు, మీ కారు నంబరు ఎంతో అన్ని నిమిషాలు దానికి కలపాలి. జీరో కారుకు 20:14 అంటే ఏడో నంబరు కారుకు 20:21. ముందుగా వెళ్లినా శిక్షే, సాధారణంగా ఆలస్యం కంటే బరువైన శిక్ష. కంట్రోల్‌లోకి ఏ దిక్కు నుంచి రావాలో చెప్పి ఉంటే, దాటిపోయి వెనక్కి తిరిగి రావడం ఫెయిల్ కిందికి వస్తుంది. మళ్లీ చుట్టు తిరిగి సరైన వైపు నుంచే రావాలి. మొత్తం ఆలస్యానికి ఒక హద్దు ఉంటుంది, చాలాచోట్ల 30 నిమిషాలు. 22, 23 నిమిషాలు దాటుతున్నాయంటే ఒక లూపు వదిలేసి తర్వాతి కంట్రోల్‌కు అడ్డదారిన పోండి. రెండు కోడ్ బోర్డులు పోతాయి, కానీ ఫినిష్ దక్కుతుంది. పట్టుదలకు పోయి అన్నీ వెతికిన కొత్త జంటలు ఫలితాల్లో అసలు కనిపించకపోవడానికి కారణం ఇదే.

ట్రిప్ మీటర్ (దూరాన్ని కచ్చితంగా కొలిచే పరికరం): బ్రాంట్జ్ లాంటి వాటిని చూసి మనసు లాగుతుంది. గట్టి సరుకే. కానీ వాటి అసలు ఉపయోగం హిస్టారిక్ (పాతకాలపు కార్ల) ఈవెంట్లలో, చెప్పిన సగటు వేగాన్ని తప్పకుండా పోవాల్సిన రెగ్యులారిటీ సెక్షన్లలో. అక్కడ 30 మైళ్ల సగటుకు పదో వంతు మైలుకు 12 సెకన్లు, 24 మైళ్లకు 15 సెకన్లు అని లెక్క కట్టుకుంటూ పోవాలి. ట్వెల్వ్-కార్‌కు కారు డాష్‌బోర్డులోని ట్రిప్పు చాలు. ఫోన్ యాప్‌ల మీద డబ్బు పెట్టే ముందు రెగ్యులేషన్స్ చదవండి, జీపీఎస్ వాడకూడదన్న నియమం చాలా ఈవెంట్లలో ఉంటుంది.

ఇంకా కారు ఎక్కకముందే ఈ మ్యాపు, రోమర్ తేరగా పనికొచ్చేది క్లబ్బుల టేబుల్ టాప్ ర్యాలీల్లో. బల్ల మీదే క్లూలు ప్లాట్ చేసి జవాబులు అప్పజెబుతారు, పెట్రోలు ఖర్చు లేదు. తర్వాతి మెట్టు స్కాటర్. మ్యాపు నిండా పాయింట్లు ఇచ్చి, ఇచ్చిన సమయంలో వీలైనన్ని తిరిగి రమ్మంటారు. నిమిషాల కంట్రోళ్లు ఉండవు కాబట్టి తప్పిపోయినా సాయంత్రం పాడవదు.

నావిగేటర్‌కు కడుపులో తిప్పడం మామూలే. మ్యాపు మీద కన్ను పెట్టి కొన్ని సెకన్లకోసారి తలెత్తి దూరంగా రోడ్డు చూడటం అలవాటు చేసుకోవాలి. ప్రయాణపు మాత్రలు నావిగేటర్ మాత్రమే వేసుకోవాలి, వాటికి నిద్ర ముంచుకొస్తుంది.

కారుకు కావాల్సింది: స్పేర్‌తో సహా మంచి టైర్లు, పాడవని వైపర్లు, నిండా స్క్రీన్ వాష్, సరిగ్గా సర్దిన హెడ్‌ల్యాంపులు, త్రికోణపు హెచ్చరిక బోర్డు. అదనపు ల్యాంపులు, సంప్ గార్డు (ఇంజను అడుగున రక్షణ రేకు) ఇప్పుడు వద్దు. బయల్దేరే ముందు విండ్‌స్క్రీన్‌ను లోపలి వైపు పొడిగుడ్డతో రెండుసార్లు తుడవండి. బయట శుభ్రంగా ఉండి లోపల పల్చటి పొర ఉంటే, ఎదురొచ్చే ఒక్క కారు వెలుగుకు అద్దం మొత్తం తెల్లబడి, తిరగాల్సిన సందు కనిపించకుండానే దాటిపోతుంది.